గాలి తగిలే వైపు

నాకు నోరెక్కువ. ఈ మాట మా ఆయన జగన్మోహన్ అంటే ఊరుకోను గానీ, నా అంతట నేను చెప్పుకోవడానికి మొహమాటమేమీ లేదు. మా పుట్టిల్లు జఫర్‌గఢ్. మా నాయిన పొలం గట్టు మీద నిలబడి కేకేస్తే పక్క చేలో ఎడ్లు కూడా ఆగేవని చెప్పుకునేవాళ్ళు. ఆ గొంతు నాకొచ్చింది. కాగితాల్లో మహబూబాబాద్ అని, మా నోళ్ళలో మానుకోట అని పిలిచే ఊళ్ళో నర్సు ఉద్యోగం చేస్తూ దానికి ఇంకాస్త పదును పెట్టుకున్నాను. అలాంటి నాకు, నోరు తెరవని మనిషిని మాట్లాడించే పని అప్పజెప్పారు. ఆ మనిషి పేరు ద్వాళి.

ద్వాళిది నెల్లికుదురు వైపు ఒక లంబాడి తండా. మొదటిసారి దవాఖానకు వచ్చినప్పుడు ఆమె వెంట భర్త టీక్యా, పద్దెనిమిదేళ్ళ చిన్న కూతురు కల్యాణి ఉన్నారు. తల్లి ఇంకా మెట్లెక్కకముందే కల్యాణి మా వరండా మూలకు పరుగెత్తి, చేతిలోని ప్లాస్టిక్ కవర్లో వాంతి చేసుకుంది. అసలు పేషెంటు ఈ పిల్లేననుకొని, వరండాలో ఏం పని, బాత్రూం కనబడలేదా అని కసిరాను. ఆ పిల్ల నోరు తుడుచుకొని మెల్లగా చెప్పింది, తనకు ఆటో పడదట. అంచున కూర్చుంటే గాలికి బాగానే ఉంటుందట, కానీ యాడి కూర్చోనివ్వదట. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. ఎంత దూరమైనా, ఎంత ఇరుకైనా, కల్యాణిని ఇద్దరి నడుమ కుక్కి, చేయి అడ్డం పెట్టి కూర్చుంటుందట.

ఎందుకు అని అడగబోయాను. టీక్యా నా వైపు చూసి వద్దన్నట్టు తలాడించాడు. భార్యను బెంచీ మీద కూర్చోబెట్టి, నన్ను పక్కకు పిలిచి అప్పుడు చెప్పాడు.

వాళ్ళకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నీలి, డిగ్రీ మొదటి ఏడు. రెండేళ్ళ కిందట, మాఘం చలి ఇంకా పోని రోజుల్లో, కాలేజీకి సెలవు దొరికితే తల్లితో మిరపకాయలు ఏరడానికి బయల్దేరింది. మా జిల్లాలో మిర్చి ఎర్రబడితే తండాల ఆడవాళ్ళు తెల్లవారుజామునే ఆటోల్లో కూలికి పోతారు. నలుగురు పట్టే ఆటోలో పది మంది. ఎప్పుడూ అంచున కూర్చునేది ద్వాళి. ఆ రోజు ఆ చోటు కూతురికిచ్చింది. నీలికి కూడా చెల్లెలి లాగే ఆటో పడదు మరి. ఊరు దాటాక మూలమలుపులో మంచు. ఎదురుగా వచ్చిన లారీ ఆటో అంచును రాసుకుంటూ పోయింది. మిగిలిన వాళ్ళకు దెబ్బలు తగిలాయి. నీలి అక్కడికక్కడే పోయింది.

ద్వాళి తలకు దెబ్బ తగిలి, భుజం ఎముక విరిగి, వరంగల్ దవాఖానలో స్పృహ లేకుండా పడి ఉంది. ఆమెకు తెలివొచ్చేసరికి నీలిని పూడ్చడం అయిపోయింది. పెళ్ళి కాని పిల్ల కాబట్టి పూడ్చారు. తల్లి కడసారి బిడ్డ ముఖం చూడలేదు, పిడికెడు మట్టి వేయలేదు.

లంబాడి తండాల్లో ఒక పద్ధతి ఉంది. ఇన్నేళ్ళు వాళ్ళ మధ్య తిరిగి కూడా నాకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు. చావు జరిగిన ఇంటికి ఆడవాళ్ళు వస్తే, ఒకరి మెడ ఒకరు పట్టుకొని పాడుతూ ఏడుస్తారు. ఏడుపులోనే మాటలుంటాయి. పోయిన మనిషిని తలుచుకుంటూ ఒకామె పాడితే, రెండో ఆమె అందుకొని బదులు పాడుతుంది. మనలాగా మూల కూర్చొని కొంగు నోట్లో కుక్కుకోవడం వాళ్ళకు చేతగాదు. ద్వాళి దవాఖాన నుంచి ఇంటికి రాగానే తండా ఆడవాళ్ళంతా వచ్చారట. ఒక్కొక్కరూ ఆమె మెడ మీద పడి పాడారట. ఆమె గుంజలా నిలబడింది. అత్త మోతీబాయి, ఆ తండాలో ఏడుపుపాటలకు పెట్టింది పేరు, కోడలి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకొని బతిమాలింది. అయినా ఒక్క మాట రాలేదు, ఒక్క చుక్క రాలేదు.

అప్పట్నుంచి అంతే. వంట చేస్తుంది, పనికి పోతుంది, అడిగితే ఊ అంటుంది. నిద్ర లేదు. అప్పుడప్పుడు ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ పోయి ఆ మూలమలుపు దగ్గర రోడ్డు అంచున నిలబడుతుంది. లారీలు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోతుంటాయి. కల్యాణి పోయి చేయి పట్టుకొని తోలుకొస్తుంది. చెప్పడం అయిపోయాక టీక్యా తువ్వాలతో ముఖం తుడుచుకొని, "నీలి పోయింది సిస్టరమ్మా. ఈమె కూడ పోతదని భయమైతున్నది" అన్నాడు.

డాక్టరు నిద్ర మాత్రలు రాశాడు. ఆమెను కాస్త మాట్లాడించండి సిస్టర్, అని నాకప్పగించి తన పనిలో పడ్డాడు. చెప్పడం తేలికే. నేను ఆమె ఎదురుగా కూర్చొని నా తంటాలు పడ్డాను. నీలి ఎట్లా ఉండేది, ఏం తినేది, ఏం చదివేది, అన్నీ అడిగాను. ద్వాళి బల్ల మీద చేతులు పెట్టుకొని చూస్తూ కూర్చునేది. ఒకసారి నాకే కళ్ళు తడిసి తుడుచుకుంటుంటే, ఆమె నా చేతి వైపు చూసి, మిర్చి ఏరేవాళ్ళు కళ్ళ దగ్గరికి చెయ్యి పోనివ్వరని చెప్పింది. ఆ నెలంతా ఆమె నాతో అన్న మాట అదొక్కటే.

ఆ వానాకాలంలో నన్ను జనగామలో రెండు రోజుల శిక్షణకు పంపారు. చల్లారిన ఉప్మా, నడవని ఫ్యాను, తెర మీద బొమ్మలు చూపించే ఒక కుర్ర మేడం. గాయపడిన మనసుకు రాయడం మందులాంటిదని ఆమె చెప్పింది. జరిగింది జరిగినట్టు, ఆపకుండా, కాసేపు రాసుకోమనాలట. తప్పులు దిద్దకూడదు. చదివి వినిపించమని అడగకూడదు. తర్వాతేమైందని తొందరపెట్టకూడదు. ఇవన్నీ ఊళ్ళల్లో కుదిరే పనులేనా అని నేను లేచి అడిగాను, కాస్త గట్టిగానే. ఆమె నవ్వి, చేసి చూడండి మేడం, అంది. ఆ నవ్వుకు ఒళ్ళు మండింది. తిరుగు రైల్లో అంతా ఆమెను తిట్టుకుంటూనే వచ్చాను. కానీ ద్వాళి విషయంలో నా దగ్గర ఇంకో దారి ఏముంది?

మరుసటి వారం ఆమె ముందు కాగితం, పెన్ను పెట్టాను. ద్వాళి ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివింది. అక్షరాలు గుండ్రంగా, పొందికగా ఉంటాయి. ఏం రాయాలి అని అడిగింది. ఆ రోజు ఏం జరిగిందో రాయమన్నాను. అరగంట వంగి రాసి, కాగితం నా వైపు జరిపింది. చదవమని అడగకూడదన్నారు గానీ, ఇస్తే చదవొద్దని అనలేదు కదా. చదివాను.

'గౌరవనీయులైన సిస్టర్ గారి దివ్య సముఖమునకు, ద్వాళి, భర్త టీక్యా, వ్రాసుకొను విన్నపము. అయ్యా, పై విషయమునకు సంబంధించి నా పెద్ద కుమార్తె నీలి ఆటో ప్రమాదములో మరణించినది. కావున తమరు దయతలచి...' అక్కడ వాక్యం ఆగిపోయింది. కింద, 'ఇట్లు తమ విధేయురాలు' అని సంతకం.

నా నోరు ఊరుకుంటుందా? "గిదేంది ద్వాళీ? కలెక్టర్‌కు దరఖాస్తు రాస్తున్నవా?" అన్నాను. అనేశాక ఆమె ముఖం చూసి నాలుక్కరుచుకున్నాను. ఆమెకు రాయడమంటే అదే. బడి వదిలాక ఆమె పెన్ను పట్టింది రేషన్ కార్డుకో, పట్టా పాసుబుక్కుకో, తండాకు బోరు కావాలనో దరఖాస్తు రాయడానికే. తండాలో అందరికీ ఆమే రాసిపెట్టేది. దయతలచి అని రాశాక ఏం అడగాలో తెలియక ఆగిపోయింది. ఏం అడుగుతుంది? ఎవరిని అడుగుతుంది?

తర్వాత నెమ్మదిగా చెప్పాను. ఇది ఎవరికీ ఇచ్చే కాగితం కాదు, నాక్కూడా ఇవ్వక్కర్లేదు, ఇంట్లో నీలితో ఎట్లా మాట్లాడేదానివో అట్లాగే రాయమన్నాను. నీలితో తెలుగులో మాట్లాడలేదు కదా అంది. మీ భాషలోనే రాయమన్నాను. మా భాషకు అక్షరాలు లేవు కదా అంది. తెలుగు అక్షరాలతోనే లంబాడి రాయి, ఎవరొద్దన్నారు, అన్నాను. ద్వాళి వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. తర్వాతెప్పుడో చెప్పింది, చిన్నప్పుడు హాస్టల్లో లంబాడిలో మాట్లాడితే వార్డెనమ్మ అరచేతుల మీద కొట్టేదట. ఇన్నేళ్ళయినా ఆ దెబ్బ ఎక్కడో కాచుకొని ఉంది.

మొదటి మాటగా 'నీలి' అని రాసింది. దాని కింద ఏదో చిన్న మాట రాసి, దాన్ని వేలితో తడుముతూ కూర్చుంది. అదేమిటో నేను అడగలేదు. ఆమే చెప్పింది. పొద్దున నిద్ర లేపేటప్పుడు నీలిని పిలిచే ముద్దు మాటట. అది కాగితం మీద ఉండటం ఎన్నడూ చూడలేదట.

అట్లా మొదలైంది. ప్రతి వారం వచ్చేది. మందుల గది పక్కన చిన్న బల్ల ఆమెకే వదిలేశాను. కల్యాణి పాత నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలు చింపి తెచ్చుకునేది. నాకు అక్షరాలు తెలుసు, మాటలు తెలియవు. అయినా రాయడం అయ్యాక ద్వాళి కాస్త కాస్తగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఆ మనిషి బతుకంతా నేను అట్లాగే విన్నాను.

పుట్టిల్లు నర్సింహులపేట దగ్గర తండా. ఏడో తరగతి అయ్యాక బడి మానిపించారు. టీక్యాను చేసుకున్నాక హైదరాబాద్ పోయి కట్టుబడి పనుల్లో ఇటుకలు మోసింది. నీలి అక్కడే, సగం కట్టిన ఒక అపార్టుమెంటు కింద రేకుల షెడ్డులో పుట్టింది. చీర ఊయల ఇనుప చువ్వకు కట్టి పనిచేసేది. పిల్లకు మూడో ఏట మాటలొస్తే తెలుగు, ఉర్దూ, లంబాడి అన్నీ కలిపి వాగేదట. ఒకసారి మేస్త్రీని పట్టుకొని, మా యాడిని ఎందుకు తిట్టినవ్ అని నిలదీసిందట. అది చెప్తున్నప్పుడు ద్వాళి పెదవులు కొంచెం కదిలాయి. నవ్వే అనుకుంటాను. పిల్లలకు బడి కావాలని తండాకు తిరిగొచ్చారు. ఎకరం చెలకలో పత్తి వేసుకున్నారు, కూలికి పోయారు. నీలి ఇంటర్ పాసైన రోజు టీక్యా తండాకంతా చాక్లెట్లు పంచాడట.

ఇవన్నీ చెప్పింది. రాసింది మాత్రం ఎప్పుడూ ఒకటే, ఆ పొద్దు. ప్రతిసారీ నీలిని నిద్ర లేపడంతో మొదలుపెట్టేది. ఒక వారం జొన్నరొట్టెలు గుడ్డలో కట్టడం వచ్చి చేరేది. ఇంకో వారం జడ వేయడం, మిర్చి ఘాటు తగలకుండా తలకు రుమాలు చుట్టడం. మరోసారి నీలి చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టడం. అన్నీ దాటుకుంటూ తండా చివర ఆటో దాకా వచ్చేది. అక్కడ పెన్ను ఆగేది. ఎన్నిసార్లు చూశానో. ఆటో దాకా వచ్చిన, అని చెప్పి మూత పెట్టేసేది. తర్వాత రాయి అనడానికి నా నాలుక దురద పెట్టేది. జనగామ మేడం నవ్వు గుర్తొచ్చి, పళ్ళు బిగబట్టుకొని ఊరుకునేదాన్ని. నిద్ర మాత్రం కొంచెం పడుతోందని టీక్యా చెప్పాడు. మూలమలుపుకు పోవడం మాత్రం మానలేదు.

ఇట్లా చలికాలం గడిచింది. ఒక రోజు కల్యాణి ఒక్కతే వచ్చింది. ముఖం వాడిపోలేదు, చేతిలో కవరు లేదు. తల్లి లేదు కాబట్టి ఆటోలో అంచున కూర్చొని వచ్చినట్టుంది. తనకు సంబంధం కుదిరిందని చెప్పింది. అబ్బాయి పేరు రాజేందర్, భూపాలపల్లి అవతలి తండా, బొగ్గు గనిలో డ్రైవరు. మంచివాడే, తనకూ నచ్చాడు. కానీ చేసుకోదట. పిచ్చా నీకు, అని నా ధోరణిలో నేను మొదలుపెట్టాను. ఆ పిల్ల నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"నేను భూపాలపల్లి పోతే, యాడిని మూలమలుపు కాడికెళ్ళి ఎవరు తోలుకొస్తరు మేడం? బాపు పొద్దంత చెలకల ఉంటడు. ఒక్కనాడు లారీ ఆగకుంటే ఎట్ల?"

కల్యాణి తల వంచుకొని ఇంకో మాట చెప్పింది. లంబాడి పెళ్ళిలో అప్పగింతలప్పుడు పిల్ల తల్లి మెడ మీద పడి పాడుతూ ఏడ్వాలి. తల్లి బదులు పాడాలి. అప్పుడే పిల్ల గడప దాటుతుంది. ఇప్పటి పిల్లలకు ఆ పాటలు రావు, డీజే పెట్టి గెంతడమే వచ్చు. కల్యాణి మాత్రం నాయనమ్మ మోతీబాయి దగ్గర కూర్చొని పట్టుబట్టి నేర్చుకుంటోందట. "యాడి నాకు బదులు పాడితే పోత. పాడకుంటే పోను. ఈ మాట బాపుకు చెప్పిన, రాజేందర్‌కు కూడ చెప్పిన" అంది. ఆ మొండితనం చూస్తే నీలి ఎట్లా ఉండేదో నాకు తెలిసినట్టనిపించింది.

ఆ వారం ద్వాళి వచ్చినప్పుడు జనగామ శిక్షణంతా పక్కన పెట్టి అడిగేశాను. కూతురు వెళ్ళేటప్పుడు కూడా ఏడ్వకుండా ఉంటావా, ఆ పిల్లను జీవితమంతా నీకు కాపలా పెట్టుకుంటావా అని. గట్టిగానే అడిగాను. ద్వాళి బల్ల మీద కాగితాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. తర్వాత మాట్లాడింది. అంత పొడుగు మాట ఆమె నోటి నుంచి నేను అదివరకు వినలేదు.

అప్పగింతల పాటలో పిల్ల తల్లిని అడుగుతుందట. యాడీ, నన్నెందుకు ఇల్లు దాటించినవ్, నీ పక్కన జాగ లేదా, అని. ప్రతి లంబాడి పిల్లా అదే అడుగుతుంది, ప్రతి తల్లీ ఏదో ఒక బదులు చెప్పుకుంటుంది. చావు ఏడుపులో కూడా అంతే, పోయిన పిల్ల అడుగుతున్నట్టే పాడతారు. "ఆ పాట ఎవరు అందుకున్నా నాకు నీలి గొంతే ఇనపడ్తది సిస్టరమ్మా. నన్ను అంచున ఎందుకు కూసుండబెట్టినవ్ యాడీ అని అడుగుతది. ఎప్పుడు నేనే కూసుంటుంటి. ఆ ఒక్కనాడు లేచి దానికిచ్చిన. ఏమని బదులు చెప్పాలె?"

ఇన్నేళ్ళుగా పేషెంట్లకు ధైర్యం చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. నీ తప్పేం లేదు, దేవుడు రాసిపెట్టాడు, కాలమే మరిపిస్తుంది. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. నాకూ ఒక కూతురుంది, అలేఖ్య. బండి మీద పోతుంటే వెనక ఎట్లా కూర్చుంటుందో రోజూ చూస్తాను. నేను ఏడుస్తూ కూర్చున్నాను, ద్వాళి పొడి కళ్ళతో నన్నే చూస్తోంది. చివరికి, "నువ్వు ఆనాడు నీలితో అన్న మాటనే రాయి ద్వాళీ. బదులు రాయకు. నీ మాట రాయి" అన్నాను.

"రాస్తే?"

"రాస్తే ఏమైతదో నాకు తెల్వదు. నాకు తెలిసింది గంతే."

ఆమె పెన్ను తీసుకుంది. పొద్దుటి నుంచి మొదలుపెట్టలేదు. ఒక్క వాక్యం రాసింది. రాస్తుంటే కాగితం చిరిగేంత గట్టిగా నొక్కింది. రాసి, దాని మీద అరచేయి పెట్టుకొని కూర్చుంది. ఏం రాశావని నేను అడగలేదు. పోయేటప్పుడు తనే చెప్పింది. 'అంచున కూర్చో బిడ్డా, గాలి తగులుతుంది.'

పెళ్ళి ఖాయం చేశారు. ద్వాళి పాడుతుందో లేదో ఎవరికీ తెలియదు. కల్యాణి తన పంతం వదల్లేదు, టీక్యా పంతులుతో ముహూర్తం పెట్టించాడు, నేను లోలోపల దడగానే ఉన్నాను. వేసవి ఎండ మండుతుండగా తండాకు పోయాను. గుడారం, కుర్చీలు, పప్పు, బగారా అన్నం, చెవులు చిల్లులు పడే డీజే. పంతులు వచ్చి తాళి కట్టించి పోయాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మోతీబాయి లేచి ఆ డీజే కుర్రాడి మీద ఒక్క కేక వేసింది. పెట్టెలు ఆగిపోయాయి. ఆడవాళ్ళంతా ఇంటి ముందర చాపల మీదికి చేరారు. నన్ను మోతీబాయి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

కల్యాణి ముసుగు వేసుకొని వచ్చి ముందు నాయనమ్మ మెడ మీద పడింది, తర్వాత మేనత్తల మీద. ఒక్కొక్కరితో పాడుతూ ఏడ్చింది, వాళ్ళు బదులు పాడారు. చివరికి తల్లి దగ్గరికి వచ్చింది. ద్వాళి గోడకు ఆనుకొని నిలబడి ఉంది. కల్యాణి రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేసి పాట ఎత్తుకుంది. నాకు భాష రాదు గానీ ఏమడుగుతోందో తెలుసు. యాడీ, నన్నెందుకు ఇల్లు దాటించినవ్?

బదులు రాలేదు. పాట ఆగిన చోట అందరూ ద్వాళి వైపే చూస్తున్నారు. మగపెళ్ళివాళ్ళలో ఒకాయన పొద్దు పోతోందని గొణిగాడు. కల్యాణి మళ్ళీ అదే మాట పాడింది. టీక్యా ముఖం తిప్పుకున్నాడు. ఆ పిల్ల తల్లిని వదల్లేదు. ఇంకోసారి ఎత్తుకుంది, ఈసారి గొంతు పగిలిపోయింది.

అప్పుడు ద్వాళి పాడింది. పాట కూడా కాదది, బొంగురుగా, తాళం తప్పుతూ, రాయి మీద రాయి రాసినట్టు. పక్కనున్న మోతీబాయి నా మణికట్టు పట్టుకుంది. "ఇది పెండ్లిపాట కాదు బిడ్డా. నీలిని లేపుతున్నది" అంది.

నాకు తెలిసిపోయింది. ఆ ముద్దు మాట వినబడింది, కాగితం మీద మొదటి రోజు చూసిన మాట. తర్వాత రొట్టెల మాట వచ్చింది, జడ వచ్చింది, రుమాలు వచ్చింది, తెగిన చెప్పు, పిన్నీసు. నాకు రాని భాషలో పాట నడుస్తోంది, దేని తర్వాత ఏది వస్తుందో నాకు ముందే తెలుస్తోంది. ఇన్ని నెలలు నా బల్ల మీద వంగి రాసినదంతా ఆమెకు కంఠతా వచ్చేసింది. తండా చివర దాకా వచ్చింది. ఆటో దాకా వచ్చింది. అక్కడ గొంతు ఆగింది.

నేను చీర కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకొని, దాటు తల్లీ, దాటు, అనుకుంటున్నాను. ద్వాళి కల్యాణి తలను తన భుజానికి అదుముకొని, కళ్ళు గట్టిగా మూసుకొని దాటింది. మోతీబాయి నా చెవిలో చెప్పింది. "అంచున కూసోమన్న బిడ్డా, నేనే కూసోమన్న, గాలి తగుల్తదన్న, అంటున్నది."

ఆ వాక్యం దగ్గర పాట మళ్ళీ ఆగింది. ఇప్పుడు ఎవరు బదులివ్వాలి? పెళ్ళిపిల్లకు నేర్పిన పాటల్లో దీనికి బదులు లేదు. కల్యాణి తల్లి భుజం మీది నుంచి తలెత్తింది. ముసుగు జారిపోయింది. తల్లి ముఖంలోకి చూస్తూ మెల్లగా పాడింది, తన గొంతు కాని గొంతుతో. మోతీబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కాసేపు ఊగిపోయి, అప్పుడు చెప్పింది.

"నీలి లెక్క చెప్తున్నది. గాలి మంచిగ తగిలింది యాడీ, నాకు ఏం కాలే, కడుపుల తిప్పలేదు అని చెప్తున్నది."

ద్వాళి నేల మీద కూలబడింది. మూడేళ్ళ ఏడుపు ఒక్కసారి వచ్చింది. తండా ఆడవాళ్ళంతా ఆమె మీద పడిపోయారు. ఆనాడు మిగిలిపోయిన పాటను ఒక్కొక్కరూ అందుకొని ఆమె మెడ పట్టుకొని పాడారు, ఆమె ప్రతి ఒక్కరికీ బదులు పాడింది. మగపెళ్ళివాళ్ళు కూడా పొద్దు మాట మరిచిపోయారు. పెళ్ళింట్లో చావు ఏడుపు ఏడ్వకూడదని ఎవరూ అనలేదు. అనే ధైర్యం ఎవరికుంది? నేనూ ఏడ్చాను. సిగ్గేముంది.

పొద్దు వాలుతుండగా కారు వచ్చింది. కల్యాణి అలవాటుగా వెనక సీట్లో నడుమకు జరిగి, ఒళ్ళో ప్లాస్టిక్ కవరు పెట్టుకొని కూర్చుంది. ద్వాళి వాచిన ముఖంతో వచ్చి తలుపు తెరిచింది. పిల్ల చేతిలో కవరు తీసేసి, ఆమె చేయి పట్టి కిటికీ వైపు జరిపింది. వంగి అద్దం తనే పూర్తిగా కిందికి దించి, లంబాడిలో ఒక మాట అంది. ఆ మాట మాత్రం నాకు అనువాదం అక్కర్లేకపోయింది. కారు భూపాలపల్లి దారి పట్టింది. తండా దాటేదాకా కల్యాణి కిటికీలోంచి ముఖం బయటికి పెట్టి గాలికి కళ్ళు మూసుకునే ఉంది, ద్వాళి అరచేత్తో కళ్ళు తుడుచుకుంటూ అటే చూస్తోంది.